ముఖం సరిచేస్తే చీర పోతోంది, చీర సరిచేస్తే ముఖం ఎర్రబడుతోంది: స్టూడియో లైటింగులో రంగుల గొడవ

పేట_స్టూడియో
అందరికీ నమస్కారం. నరసరావుపేటలో చిన్న స్టూడియో నాది. గది 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. 300 వాట్-సెకన్ల ఫ్లాష్‌లు రెండున్నాయి. ఒకదానికి సాఫ్ట్‌బాక్స్, ఇంకోదానికి తెల్ల గొడుగు. పెళ్లి జంటల పోర్ట్రెయిట్లే ఎక్కువ.

సమస్య ఏంటంటే, వంగపండు రంగు ధర్మవరం పట్టుచీర ఫొటోలో నీలంగా వస్తోంది. ఎడిటింగులో రంగును మెజెంటా (ఎరుపు ఊదా) వైపు జరిపితే చీర దారిలో పడుతుంది కానీ పెళ్లికూతురి ముఖం ఎర్రగా కందిపోయినట్టు అవుతోంది. పెళ్లికొడుకు పంచె తెల్లగా కాకుండా నీలి తెలుపులో ఉంటోంది. ఆల్బమ్ ప్రింటై వచ్చాక చూస్తే మానిటర్‌లో ఉన్నది వేరు, కాగితం మీద ఉన్నది వేరు. వాళ్లమ్మగారు చీర తెచ్చి కౌంటర్ మీద ఆల్బమ్ పక్కనే పరిచారు. నేనేం చెప్పను!

వెలుగు రంగును కొలిచే కలర్ మీటర్ కొనమని ఒకాయన, ఫ్లాష్‌లు తీసేసి ఎల్‌ఈడీకి మారమని ఇంకొకాయన అంటున్నారు. ముందు దేని మీద డబ్బు పెట్టాలి?

చీరల_క్యాటలాగ్
ఏమీ కొనకండి ముందు. మీరు రోజూ వాడే సెట్టింగులే ఉంచి, ఫ్లాష్‌లు రెండూ ఆపేసి ఒక ఫొటో కొట్టండి. నల్లగా రావాలి. వచ్చిందా లేదా చెప్పండి. గోడల రంగు, షటర్ (ఎంతసేపు తెరిచి ఉంటుందో), ఐఎస్ఓ (సెన్సర్ వెలుగును ఎంత పెంచి చూపిస్తుందో), అపెర్చర్ (లెన్సు రంధ్రం, ఎఫ్ అంకె) కూడా రాయండి.

పేట_స్టూడియో
కొట్టాను అన్నా. నల్లగా రాలేదు. మసగ్గా అయినా మనిషి స్పష్టంగానే కనిపిస్తున్నాడు, అదీ కాస్త ఆకుపచ్చగా. షటర్ 1/60, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 400. ఫ్లాష్ 1/16 పవర్‌లో ఉంటుంది. మోడలింగ్ ల్యాంప్ (ఫ్లాష్‌లోనే ఎప్పుడూ వెలిగి ఉండే చిన్న బల్బు) వెలుగు చాలక ట్యూబ్‌లైట్లు వేసే ఉంచుతాం. గోడలు లేత ఆకుపచ్చ, ఇంటి ఓనర్ వేయించిన రంగు.

చీరల_క్యాటలాగ్
అయితే మీ ఫ్రేములో మూడు వెలుగులున్నాయి. ఫ్లాష్ ఒకటి, పైన ట్యూబ్‌లైట్ రెండు, గోడకు తగిలి పచ్చబడి తిరిగొచ్చే ఫ్లాష్ వెలుగు మూడు. ముఖానికి కుడివైపు ఒక రంగు, గోడ వైపు చెంపకు ఇంకో రంగు. దాన్ని ఏ స్లైడర్‌తో సరిచేస్తారు?

షటర్ 1/160, ఎఫ్ 8, ఐఎస్ఓ 100 పెట్టండి. లెక్క చూడండి: షటర్ వల్ల గది వెలుగు మూడో వంతుకు కాస్త పైన మిగులుతుంది, ఐఎస్ఓ వల్ల అందులో నాలుగో వంతు, అపెర్చర్ వల్ల మళ్లీ సగం. మొత్తం మీద ట్యూబ్‌లైట్ ప్రభావం ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. షటర్ మార్పు ఫ్లాష్‌కు తగలదు, ఎందుకంటే ఫ్లాష్ వెలిగి ఆరిపోయే సమయం షటర్ సమయం కన్నా చాలా తక్కువ. ఐఎస్ఓ, అపెర్చర్ల వల్ల మాత్రం ఫ్లాష్ 8 రెట్లు పెంచాలి. 1/16 నుంచి 1/2కి వెళ్లండి. 300 వాట్-సెకన్ల శక్తి అందుకే ఉంది.

గోడకు నల్ల గుడ్డ వేలాడదీయండి, కూర్చునే మనిషికి రెండు పక్కలా. రంగు వేయించే వీలుంటే మెరుపు లేని తెలుపో బూడిద రంగో వేయించండి. సీలింగ్ తెలుపైతే దాని జోలికి పోవద్దు.

కొత్త_లెన్స్
ఒక చిన్న డౌట్ అండీ. రా ఫైల్ (కెమెరా సవరించని ముడి ఫొటో) తీస్తే వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సర్దడం, తర్వాత ఎలాగైనా మార్చుకోవచ్చు కదా? ఆటోలో వదిలేస్తే పోలా?

డార్క్‌రూమ్_తాత
తమ్ముడూ, రా ఫైలు మొత్తం ఫ్రేముకు ఒకే వైట్ బ్యాలెన్స్ ఇస్తుంది. ఫ్రేములో రెండు రంగుల వెలుగు ఉంటే ఒకటి సరిచేయగానే రెండోది చెడుతుంది. మాస్కులు పెట్టి చెంపా చెంపా వేరుగా సరిచేసుకోవచ్చు, ఓపిక ఉంటే. పెళ్లి సీజన్లో ఎవరికుంది?

ఇంకో సంగతి. ఆటో వైట్ బ్యాలెన్స్ చీరను చూసి మనసు మార్చుకుంటుంది. ఫ్రేము నిండా ఎర్ర చీర ఉంటే వెలుగే ఎర్రగా ఉందనుకుని చల్లబరుస్తుంది. అదే మనిషి, అవే లైట్లు, పసుపు చీర కట్టుకొస్తే ఇంకో రకం ముఖం. వంద ఫొటోలకు వంద రకాలు. స్టూడియోలో లైటు మారదు కాబట్టి కెమెరాలోనూ మార్చకూడదు. వైట్ బ్యాలెన్స్‌లో ఫ్లాష్ బొమ్మ ఉన్న సెట్టింగ్ ఎంచుకో, లేదా 5500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) పెట్టి అక్కడే వదిలెయ్.

ఫిల్మ్ రోజుల్లో ఈ బాధ వేరుగా ఉండేది. డేలైట్ ఫిల్మ్ 5500కు తయారయ్యేది. 3200 కెల్విన్ బల్బుల కింద తీయాలంటే లెన్సు ముందు 80ఏ అనే నీలి ఫిల్టర్ పెట్టి, ఎక్స్‌పోజర్ పెంచుకుని తీసేవాళ్లం. లైటు సంగతి ముందే తేల్చుకోవాల్సి వచ్చేది కాబట్టి తేల్చుకునేవాళ్లం.

ల్యాబ్_నైట్‌షిఫ్ట్
తాతగారూ, మీ రోజుల్లో ల్యాబులో ప్రింటర్ ఆపరేటర్ కూడా ఒక్కో ఫ్రేము కలర్ కరెక్షన్ చేసేవాడు. అది కూడా చెప్పండి. :)

డార్క్‌రూమ్_తాత
చేసేవాడు, ఒప్పుకుంటా. నచ్చకపోతే తిట్లు కూడా వాడే తినేవాడు.

చీరల_క్యాటలాగ్
పేట స్టూడియో గారూ, పంచె సంగతి. తెల్ల బట్టల్లోనూ సబ్బుపొడిలోనూ తెలుపు పెంచే రసాయనాలుంటాయి. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని అవి పట్టుకుని నీలి కాంతిగా వదులుతాయి. పూత లేని ఫ్లాష్ ట్యూబులో ఆ కాంతి బాగానే ఉంటుంది. అందుకే మామూలు బల్బు కింద తెల్లగా కనిపించిన పంచె ఫ్లాష్‌లో నీలం కొడుతుంది. పైగా నీలిమందు పెట్టి ఉతికిన పంచె అయితే అసలే కాస్త నీలం. యూవీ పూత ఉన్న ట్యూబ్ దొరికితే మార్చండి. లేదంటే సాఫ్ట్‌బాక్స్‌కు లోపలి తెర, బయటి తెర రెండూ తగిలించండి, కొంత తగ్గుతుంది. మిగిలింది లైట్‌రూమ్‌లో పంచె వరకే మాస్క్ చేసి నీలం సాచురేషన్ దించేయండి. ఫ్రేము మొత్తానికి దించితే చీర చస్తుంది.

ఇదే కారణంగా తెల్ల కాగితం పట్టుకుని వైట్ బ్యాలెన్స్ తీయకూడదు. ప్రింటర్ కాగితంలోనూ అదే రసాయనం. మల్లెపూలు, ముత్యాలు కూడా పనికిరావు, వాటి తెలుపులో పసుపు దాగి ఉంటుంది. గ్రే కార్డు (అచ్చమైన బూడిద రంగు అట్ట) వాడండి. మనిషి ముఖం దగ్గర, మెయిన్ లైటు వైపు కొద్దిగా తిప్పి పట్టించండి. కార్డు మీద మెరుపు పడకూడదు.

పేట_స్టూడియో
చాలా థాంక్స్ అన్నా. 18 శాతం గ్రే కార్డు చాలా, లేక ఆ రంగు గళ్ల చార్టు కొనాలా?

చీరల_క్యాటలాగ్
వైట్ బ్యాలెన్స్ వరకైతే గ్రే కార్డు చాలు. మీ వంగపండు చీరకు మాత్రం గళ్ల చార్టు కావాలి. కలర్‌చెకర్ అని 1976లో మాక్‌బెత్ వాళ్లు తెచ్చిన 24 గళ్ల చార్టే ఇప్పటికీ ప్రమాణం. ఇప్పుడు క్యాలిబ్రైట్ పేరుతో అమ్ముతున్నారు. మొదటి రెండు గళ్లూ చర్మం రంగులే, ఒకటి ముదురు, ఒకటి లేత. కింది వరుసలో తెలుపు నుంచి నలుపు దాకా ఆరు గళ్లు. వైట్ బ్యాలెన్స్ కోసం తెల్ల గడి నొక్కకండి, దాని పక్క లేత బూడిద గడి నొక్కండి. తెలుపు ఒక్కోసారి వెలుగు ఎక్కువై వివరం పోయి ఉంటుంది.

మీ లైట్ల కింద చార్టు ఫొటో తీసి, దానితో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో కెమెరా ప్రొఫైల్ చేసుకోండి. వైట్ బ్యాలెన్స్ బూడిద రంగును మాత్రమే సరిచేస్తుంది. ప్రొఫైల్ ఒక్కో రంగునూ విడిగా దాని చోటుకు తెస్తుంది. ముఖం కదలకుండా ఊదా ఒక్కటి కదలాలంటే దారి ఇదే.

ఊదా నీలంగా మారడం కెమెరాల పాత జబ్బు. మన కన్ను ఊదాలో కాస్త ఎరుపునూ పట్టుకుంటుంది, సెన్సర్ మీది ఫిల్టర్లు అచ్చం అలా పట్టవు. సెన్సర్ ముందున్న ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ చివరి ఎరుపును కొంత కోసేస్తుంది కూడా. కాబట్టి ప్రొఫైల్‌తో నూటికి నూరు శాతం రాదు. మిగిలిన తేడా చీర వరకు ఎంచుకుని హ్యూ (రంగు ఛాయ) స్లైడర్ జరపాల్సిందే.

నేతపని_నాగు
మధ్యలో వస్తున్నా, నేను ఫొటోగ్రాఫర్ని కాదు, మా ఇంట్లో మగ్గం ఉంది. ధర్మవరం చీరల్లో చాలావాటిలో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. మీరు వంగపండు అంటున్న చీర నీలం పడుగు, గులాబీ పేకతో నేసింది అయ్యుండొచ్చు. అలాంటి చీరకు ఒక రంగంటూ ఉండదు. ఎదురుగా చూస్తే ఒకటి, పక్కనుంచి చూస్తే ఇంకొకటి. కుచ్చిళ్లు ఒక షేడ్, కొంగు ఇంకో షేడ్. కొట్లో గుమస్తా అందుకే చీరను చేతిలో అటూఇటూ ఆడించి చూపిస్తాడు. నెమలికంఠం రంగు కూడా అంతే.

చీరల_క్యాటలాగ్
నాగు గారూ, ఇది అసలు పాయింటు. నేను చెప్పి ఉండాల్సింది మీరు చెప్పారు. రెండు రంగుల నేతలో లైటు ఎటునుంచి వస్తోందన్నది రంగునే మార్చేస్తుంది. కెమెరా పక్కనే లైటు పెట్టి నేరుగా కొడితే ఒక పోగు రంగే గెలుస్తుంది. లైటును 45 డిగ్రీలు పక్కకు జరిపి, ఆ వైపు కుచ్చిళ్లు కొద్దిగా విప్పి నిలబెట్టండి, రెండు పోగులూ కనిపిస్తాయి. మేం క్యాటలాగుకు ముందు చీరను కిటికీ వెలుగులో పట్టుకుని, అమ్మేవాళ్లు ఏ షేడ్‌ను అసలు రంగంటున్నారో అడిగి తెలుసుకుంటాం. మీరు కూడా పెళ్లికూతురి వాళ్లను అడగండి. వాళ్ల కళ్లలో ఉన్న రంగే కౌంటర్ మీదికి వస్తుంది.

డాలస్_క్లిక్స్
ఇక్కడ హాఫ్ శారీ ఫంక్షన్లు తీస్తుంటాను. హాలువాళ్లు గోడలకు రంగు ఎల్‌ఈడీలు వేస్తారు, వాటి పక్కన ఫ్లాష్ ఎంత మంచిదైనా దండగే. ఎల్‌ఈడీకి మారాలా అన్నదానికి నా మాట: సీఆర్‌ఐ (లైటు రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 అని పెట్టె మీద చూసి కొనకండి. ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపు, అంటే ఆర్9, ఆ ఎనిమిదిలో లేదు. మన ఫొటోల్లో కుంకుమ ఎరుపు, పారాణి ఎరుపు, పట్టు ఎరుపు, చర్మం కింద రక్తం ఎరుపు. ఆర్9 ఎంతో చెప్పని లైటు మనకొద్దు. 90 పైన ఉంటే బాగు. కెమెరా కోసమే లెక్కగట్టిన టీఎల్‌సీఐ అని ఒకటుంది, 99 రంగులతో చూసే టీఎం-30 అని ఇంకోటుంది, ఇస్తే అవీ చూడండి.

తెల్ల ఎల్‌ఈడీ అంటే లోపల నీలి చిప్, దాని మీద పసుపు పూత. అందుకే దాని వెలుగులోని రంగుల గ్రాఫ్ చూస్తే నీలం దగ్గర ఎత్తు, ఆ పక్కనే గుంట. జీనాన్ ఫ్లాష్‌లో అలాంటి గుంటలు ఉండవు, పగటి వెలుగులా అన్ని రంగులూ ఉంటాయి. ఫొటోలకు ఫ్లాష్ వదలక్కర్లేదు. వీడియో కూడా తీస్తే అప్పుడు ఎల్‌ఈడీ. ఫ్లికర్ (వీడియోలో వెలుగు వణకడం) రాకుండా మీ దగ్గర 50 హెర్ట్జ్ కాబట్టి 1/50 లేదా 1/100 వాడండి. మాకిక్కడ 60 హెర్ట్జ్ కాబట్టి 1/60 లేదా 1/120.

డార్క్‌రూమ్_తాత
అందరూ చీర చుట్టూనే తిరుగుతున్నారు. కస్టమర్ ముందు చూసేది ముఖం. నా అనుభవంలో ముఖం కొంచెం తెల్లగా రావాలనే అందరూ కోరేది. అర స్టాపు (ఒక స్టాపంటే వెలుగు రెట్టింపు) ఎక్కువ ఇస్తే ఎవరూ గొడవ చేయరు.

చీరల_క్యాటలాగ్
పెద్దవారు, మీ మాట కాదనాలంటే మొహమాటమే. కానీ ఇక్కడ ఒప్పుకోను. అర స్టాపు ఎక్కువిస్తే గులాబీ, ఎరుపు పట్టులో ఎర్ర చానల్ ముందే హద్దు దాటి వివరం పోగొట్టుకుంటుంది. మామూలు హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో చీకటి, వెలుగుల గ్రాఫ్) అది తెలియదు, ఆర్‌జీబీ మూడూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకోండి. ఎరుపు కుడి గోడకు కొట్టుకుంటే చీర మీద బుటా, మడతా అన్నీ కలిసి ఒకే ముద్ద. తర్వాత తగ్గించినా రాదు.

చామనఛాయ చర్మానికి అందం ఎక్స్‌పోజర్‌తో రాదు, మెరుపుతో వస్తుంది. పెద్ద సాఫ్ట్‌బాక్స్‌ను దగ్గరగా, పక్కకు పెట్టండి. చెంప ఎముక మీద, ముక్కు మీద, నుదుటి మీద పొడుగాటి మెత్తటి వెలుగు పడుతుంది. చర్మం రంగు మారదు, ముఖం వెలుగుతుంది. దూరంగా పెట్టిన చిన్న లైటుతో అదే ముఖం జిడ్డుగా కనిపిస్తుంది, అప్పుడు ఎడిటింగులో తెల్లబరచాలనిపిస్తుంది. ఆ ఫెయిర్‌నెస్ స్లైడర్ లాగిన ప్రతిసారీ మెడ ఒక రంగు, చేతులు ఒక రంగు.

ల్యాబ్_నైట్‌షిఫ్ట్
దీనికి నేను సాక్షి. తెల్లటి ముఖం, గోధుమరంగు చేతులు, రోజూ చూస్తున్నా. పసుపు ఫంక్షన్ ఫొటోలైతే మరీ. చర్మానికి నిజంగానే పసుపు రాసి ఉంటే, వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌తో ముఖం మీద నొక్కి ఆ పసుపంతా తీసేసి పంపిస్తారు. గిన్నెలో పసుపు బూడిదలా కనిపిస్తది.

డార్క్‌రూమ్_తాత
సరేనయ్యా, మెరుపు మాట ఒప్పుకుంటా. బ్లాక్ అండ్ వైట్‌లో మేం చేసిందీ అదే. అర స్టాపు మాత్రం కస్టమర్‌ను బట్టి.

చీరల_క్యాటలాగ్
:) ఒకటి మర్చిపోయా. బంగారు రిఫ్లెక్టర్ వాడకండి, జరీ మెరుస్తుందని చాలామంది పెడతారు. గడ్డం కింద పసుపు, చీరలో నీలం చచ్చిపోవడం తప్ప ఒరిగేదేం లేదు. ఎర్ర చీర కొంగు నుంచి గడ్డం కిందికి ఎరుపు ఎలాగూ వస్తుంది. కొంచెం ఉంటే సహజమే. మరీ ఎక్కువైతే అక్కడికి మాత్రం బ్రష్ వేయండి.

ల్యాబ్_నైట్‌షిఫ్ట్
ఇప్పుడు ప్రింట్ సంగతి, అది నా పని. మాకొచ్చే ఫైళ్లలో ఎక్కువ ఫిర్యాదు "ప్రింట్ నల్లగా వచ్చింది" అని. కారణం మానిటర్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి ఎడిట్ చేయడం. చదరపు మీటరుకు 100 క్యాండెలాల దగ్గర పెట్టుకోండి, గామా 2.2, వైట్ పాయింట్ 6500. కంటితో పెట్టడం కుదరదు, మానిటర్ మీద వేలాడదీసే క్యాలిబ్రేటర్ కావాలి. గేమింగ్ మానిటర్‌లో "వివిడ్" మోడ్ ఉంటే తీసేయండి. నైట్ లైట్ ఆన్‌లో ఉంచి ఎడిట్ చేసేవాళ్లు కూడా ఉన్నారు, నవ్వకండి.

ఫైలు ఎస్‌ఆర్‌జీబీలో (మామూలు తెరలు వాడే రంగుల పరిధి), ఆ ప్రొఫైల్ ఫైల్లోనే అతికించి పంపండి. అంతకన్నా పెద్ద పరిధి ఉన్న అడోబ్ ఆర్‌జీబీలో పంపితే ప్రొఫైల్ పట్టించుకోని ల్యాబులో రంగులు వెలసిపోయినట్టు వస్తాయి. మీ ల్యాబును ఐసీసీ ప్రొఫైల్ (వాళ్ల ప్రింటర్ రంగులు ఎలా వేస్తుందో చెప్పే ఫైలు) అడగండి, ఇస్తే ఫొటోషాప్‌లో సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే చూపించేది) పెట్టి చూడండి. ముదురు ఊదా, ముదురు నీలం చాలా ప్రింటర్లకు అందని రంగులు. సాఫ్ట్ ప్రూఫ్‌లో ముందే కనబడితే మీరే కొంచెం దించి పంపొచ్చు, మెషీన్ ఇష్టానికి వదలకుండా. ఆర్డర్‌లో "కరెక్షన్ వద్దు" అని రాయండి. మీరు సరిచేసిందాన్ని మేం మళ్లీ సరిచేస్తే ఇద్దరి పనీ పాడు.

ఆల్బమ్ మొత్తం కొట్టించే ముందు చార్టు ఉన్న ఫ్రేము ఒకటి, పెళ్లికూతురి ఫ్రేము ఒకటి చిన్న సైజులో తెప్పించుకోండి. లామినేషన్‌తో సహా. మ్యాట్ లామినేషన్ నలుపును తేలిక చేస్తుంది, గ్లాసీ ముదురు చేస్తుంది.

ఇంకోటి, ప్రింటును ఏ లైటు కింద చూస్తున్నారు? ప్రింటింగ్ రంగంలో ప్రమాణం 5000 కెల్విన్. షాపులో నీలి తెల్ల ట్యూబు కింద ఒక రంగు, వాళ్లింట్లో పసుపు బల్బు కింద ఇంకో రంగు. బట్ట అద్దకం వేరు, కాగితం మీద రంగు వేరు, ఒక లైటు కింద కలిసినవి ఇంకో లైటు కింద విడిపోతాయి. కౌంటర్ దగ్గర 5000 కెల్విన్, మంచి సీఆర్‌ఐ ఉన్న బల్బు ఒకటి పెట్టండి, లేదా ఆల్బమ్‌నూ చీరనూ గుమ్మం దగ్గరికి, పగటి వెలుగులోకి తీసుకెళ్లి చూపించండి.

పేట_స్టూడియో
అప్‌డేట్. నల్ల గుడ్డలు వేశాం, ట్యూబులు ఆపేశాం, 1/160, ఎఫ్ 8, ఐఎస్ఓ 100. ఫ్లాష్ లేకుండా కొడితే ఇప్పుడు నిజంగానే నలుపు. మా చెల్లిని అదే రకం చీరతో కూర్చోబెట్టి తీశాను. ముఖం రెండువైపులా ఒకే రంగు. చీర నీలం చాలావరకు తగ్గింది, కొంగు దగ్గర మాత్రం ఇంకా కొంచెం ఉంది. చార్టు ఆర్డర్ పెట్టాను.

ఒక కొత్త అనుమానం. గొడుగు లైటు ఒక్కటే వేసి గ్రే కార్డు తీస్తే పసుపుగా ఉంది, సాఫ్ట్‌బాక్స్ ఒక్కటే వేస్తే చల్లగా ఉంది. రెండూ ఒకే కంపెనీ ఫ్లాష్‌లు.

చీరల_క్యాటలాగ్
మంచి పని చేశారు, ఒక్కో లైటును విడిగా తీసి చూడటమే సరైన పరీక్ష. గొడుగు పాతదా? తెల్ల గుడ్డ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. రెండు ఫ్లాష్‌లూ ఒకే పవర్‌లో పెట్టి, గొడుగు తీసి మళ్లీ తీయండి. తేడా పోతే దోషం గొడుగుదే.

పోకపోతే పవర్ వల్ల. వోల్టేజీ తగ్గించి పవర్ దించే పాతరకం ఫ్లాష్‌లు తక్కువ పవర్‌లో ఎర్రబడతాయి. వెలుగును మధ్యలో కోసేసే ఐజీబీటీ రకం తక్కువ పవర్‌లో నీలబడతాయి. అందుకే రెండు లైట్లనూ దగ్గర దగ్గర పవర్‌లో ఉంచి, ఎక్కువ తక్కువలు దూరంతో సర్దుకోవడం మేలు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు, అంటే రెండు స్టాపులు.

కొత్త_లెన్స్
గొడుగు మార్చకుండా సాఫ్ట్‌బాక్స్‌కు పసుపు జెల్ (రంగు ప్లాస్టిక్ తెర) కట్టొచ్చా అండీ?

చీరల_క్యాటలాగ్
కట్టొచ్చు. తేడా కొద్దిగా అయితే ఎనిమిదో వంతు సీటీఓ (వెలుగును నారింజ వైపు తిప్పే జెల్), ఇంకాస్త ఎక్కువైతే పావు వంతు. కట్టాక మళ్లీ గ్రే కార్డు తీసి రెండూ పోల్చాలి, ప్రొఫైల్ కూడా మళ్లీ చేయాలి. కొత్త గొడుగు దీనికన్నా తక్కువ తలనొప్పి.

పేట_స్టూడియో
గొడుగు పాతదే, తీసి చూస్తే తేడా పోయింది. కొత్తది తెస్తాను. మరి కలర్ మీటర్?

డార్క్‌రూమ్_తాత
వద్దు. ఖరీదెక్కువ, నీ గదిలో లైటు మారేది లేదు. ఆ డబ్బులో కొంత పెట్టి మానిటర్‌కు క్యాలిబ్రేటర్ కొను, ల్యాబ్ అబ్బాయి చెప్పిన పరీక్ష ప్రింటు తెప్పించు. ఇంకా మిగిలితే మోడలింగ్ ల్యాంప్ వెలుగు ఎక్కువున్న ఫ్లాష్ ఒకటి చూసుకో, ట్యూబ్‌లైట్ వేయాల్సిన పని తప్పుతుంది.

ల్యాబ్_నైట్‌షిఫ్ట్
ప్రింటు వచ్చాక కొంగు భాగం ఫొటో పగటి వెలుగులో తీసి ఇక్కడ పెట్టండి, చార్టు పక్కన ఉంచి. ఊదా ఎంత తప్పిందో అప్పుడు చెప్తాను.